కార్బన్ పట్టిందంటే ఎక్కడ పట్టిందని అడగండి

"కార్బన్ బాగా పట్టేసింది సార్, డీకార్బన్ చేయించేద్దాం." సర్వీసింగుకు బండి ఇచ్చిన కాసేపటికి వచ్చే ఫోనులో ఈ మాట వినని కారు యజమాని ఈ రోజుల్లో అరుదు. బిల్లులో అదొక్కటే వేలల్లో ఉంటుంది. చేయించకపోతే ఇంజను పాడవుతుందేమోనని ఒకపక్క భయం, అనవసరంగా డబ్బు పోతోందేమోనని ఇంకోపక్క అనుమానం. ఈ అధ్యాయం చదివాక అలాంటి ఫోను వచ్చినప్పుడు మీరు ఒక్క ప్రశ్న అడగగలగాలి: "ఎక్కడ పట్టింది?" ఇంజనులో కార్బన్ పేరుకునే చోట్లు నాలుగైదు ఉన్నాయి. ఒక్కోదానికి కారణం వేరు, శుభ్రం చేసే పద్ధతి వేరు. ఒకచోటికి పనికొచ్చే మందు ఇంకోచోటికి చేరనే చేరదు. మీ బండిలో ఏది ఎక్కడ పేరుకుంటుందో తెలిస్తే ఏ ఖర్చు అవసరమో, ఏది దండగో మీకే తెలిసిపోతుంది.

ముందు మసి ఎలా పుడుతుందో చూద్దాం. పెట్రోలులోనైనా డీజిలులోనైనా ఉండేది ప్రధానంగా కార్బన్, హైడ్రోజనే. గాలి సరిగ్గా అంది, వేడి చాలినంత ఉంటే ఆ కార్బన్ పూర్తిగా కాలి వాయువుగా సైలెన్సరు దాటిపోతుంది. గాలి చాలకపోయినా, వేడి చాలకపోయినా కొంత కాలకుండా మిగిలిపోతుంది. మసి అంటే అదే. మసి మాట రాగానే అందరూ బంకును తిడతారు, ఎయిర్ ఫిల్టరు మార్పిస్తారు. వేడి సంగతి మాత్రం ఎవరికీ గుర్తురాదు. ఊళ్లో తిరిగే సొంత కార్ల విషయంలో నేను మొదట వేలు చూపించేది దానివైపే.

పెట్రోలు ఇంజనులో కూలెంటు సుమారు 90 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండేలా థర్మోస్టాట్ చూసుకుంటుంది. పొద్దున మీరు సెల్ఫ్ కొట్టేటప్పటికి, మే నెలలోనైనా సరే, అది 30 చిల్లర డిగ్రీలే ఉంటుంది. మనకు ఉక్కపోతే, ఇంజనుకు మాత్రం అది చల్లదనమే. చల్లని లోహం మీద పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు. ఆ లోటు పూడ్చడానికి ఇంజను కంప్యూటరు మామూలుకన్నా ఎక్కువ పెట్రోలు చిమ్మిస్తుంది. అందులో కొంత అరకొరగా కాలి పిస్టన్ నెత్తిన, స్పార్క్ ప్లగ్గు కొసన పొరలా కూర్చుంటుంది. కొంత అసలు కాలకుండానే రింగులు దాటి కిందికి జారి ఇంజన్ ఆయిల్లో కలుస్తుంది.

బండి నడుస్తూ వేడెక్కితే ఇందులో చాలా భాగం దానంతటదే సర్దుకుంటుంది. కానీ పిల్లల్ని బడిలో దింపి రావడం, రైతుబజారుకు వెళ్లి రావడం, సాయంత్రం గుడికో చుట్టాలింటికో ఒక చుట్టు, అన్నీ రెండు మూడు కిలోమీటర్లవే అయితే ఇంజను వేడెక్కేలోపే ఇల్లు వచ్చేస్తుంది. డ్యాష్‌బోర్డు మీద ముల్లు మధ్యకు వచ్చిందంటే కూలెంటు వేడెక్కిందని మాత్రమే అర్థం. ఆయిల్ వేడెక్కడానికి ఇంకా సమయం పడుతుంది. ఆయిల్ కాగకపోతే అందులో చేరిన పెట్రోలు, నీటి తడి ఆవిరైపోవు. "ఏడాదికి మూడు వేల కిలోమీటర్లు కూడా తిరగలేదండీ, కొత్త బండి లెక్కే" అని సెకండ్ హ్యాండ్ కారు చూపించేటప్పుడు చెబుతుంటారు. ఆ మూడు వేలూ వీధి చివరిదాకా వెళ్లి వచ్చినవే అయితే, లక్ష కిలోమీటర్లు హైవే మీద తిరిగిన ఇంజను లోపల దానికంటే శుభ్రంగా ఉన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఒకసారి మీ కారు ఓనర్స్ మాన్యువల్ తెరవండి. చాలా మాన్యువళ్లలో సర్వీసు పట్టిక పక్కనే కఠిన పరిస్థితులంటూ ఇంకో జాబితా ఉంటుంది. తరచూ తక్కువ దూరాలు తిరగడం, ఎక్కువసేపు ఐడిలింగ్, దుమ్ము రోడ్లు, ఆగి ఆగి కదిలే ట్రాఫిక్. చదివితే అది హైదరాబాదులోనో విశాఖలోనో మీ ఇంటి ముందు రోడ్డు చూసి రాసినట్టే ఉంటుంది. అలాంటి వాడకానికి ఆయిల్ ముందే మార్చమని ఆ పుస్తకమే చెబుతుంది. మనం మాత్రం మామూలు పట్టికే చదివి మూసేస్తాం.

ఆయిల్ ఆవిరి పని

మసి ఒక్కటే అయితే ఇంత గొడవ ఉండేది కాదు. పొడి మసి గాలి విసురుకు చాలావరకు కొట్టుకుపోతుంది. దాన్ని పట్టి నిలిపేది ఆయిల్. సిలిండరులో పేలుడు జరిగిన ప్రతిసారీ కొంత వాయువు రింగుల సందుల్లోంచి కిందికి, ఆయిల్ ఉండే క్రాంక్‌కేసులోకి దూరుతుంది. కొత్త ఇంజనులోనూ ఇది తప్పదు. ఒకప్పుడు ఆ వాయువును ఒక గొట్టం పెట్టి రోడ్డు మీదికి వదిలేసేవాళ్లు. కాలుష్య నిబంధనలు వచ్చాక దాన్ని మళ్లీ ఇంజను పీల్చే గాలిలోకే మళ్లించారు. దానితోపాటు సన్నని ఆయిల్ తుంపర కూడా వెళ్తుంది. పొయ్యి వెనక గోడకు ముందు పోపు జిడ్డు పట్టి, ఆ జిడ్డుకు దుమ్మూ మసీ అంటుకుని, రోజూ తగిలే సెగకు గట్టిపడి పోయినట్టే ఇంజను గాలి దారిలోనూ జరుగుతుంది.

ఈ ఆయిల్ ఆవిరి ఎక్కడ ఆగి గట్టిపడుతుందనేది మీ ఇంజను రకాన్ని బట్టి ఉంటుంది.

మీది మామూలు ఎంపీఎఫ్ఐ పెట్రోలు ఇంజను అయితే మీ అదృష్టం. మారుతి డ్యూయల్‌జెట్ సహా మన రోడ్ల మీది పెట్రోలు కార్లలో చాలావాటిలో ఇంజెక్టరు ఇంటేక్ వాల్వుకు ముందే, గాలి వచ్చే దారిలోనే పెట్రోలు చిమ్ముతుంది. వాల్వు వెనక పట్టే జిడ్డును ఆ పెట్రోలే ఎప్పటికప్పుడు కడిగేస్తుంటుంది. వీటిలో సాధారణంగా మసి పట్టేది గాలి దారికి తలుపులాంటి థ్రాటిల్ బాడీకి. అది పెద్ద పని కాదు. సీఎన్‌జీ మీద నడిచేవాటిలో సిలిండరు లోపల మసి ఇంకా తక్కువ.

డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోలు ఇంజన్ల సంగతి వేరు. హ్యుందాయ్, కియాల టర్బో జీడీఐ, ఫోక్స్‌వాగన్, స్కోడాల టీఎస్ఐ, మారుతి బూస్టర్‌జెట్, మహీంద్రాలో టీజీడీఐ అని ఉన్నవి ఈ కోవలోకి వస్తాయి. టర్బో అన్నంతమాత్రాన డైరెక్ట్ ఇంజెక్షన్ అని కాదు. టాటా నెక్సాన్ 1.2 రెవోట్రాన్ టర్బోనే అయినా ఎంపీఎఫ్ఐ. డైరెక్ట్ ఇంజెక్షన్లో పెట్రోలు నేరుగా సిలిండరులో పడుతుంది. శక్తి బాగుంటుంది, మైలేజీ బాగుంటుంది. కానీ ఇంటేక్ వాల్వు వెనకభాగాన్ని తాకేది గాలి, ఆయిల్ ఆవిరి మాత్రమే. కడిగేవాళ్లు లేరు. వేడి వాల్వు మీద ఆ ఆయిల్ పొర మీద పొరగా మాడి, కాడ చుట్టూ నల్లని పెచ్చుగా గట్టిపడుతుంది. మిత్సుబిషి 1996లో ఈ పద్ధతిని ఎలక్ట్రానిక్ నియంత్రణతో భారీ ఉత్పత్తి కార్లలోకి తెచ్చినప్పటి నుంచి ఉన్న చిక్కే ఇది. టయోటా లాంటి కంపెనీలు కొన్ని ఇంజన్లలో రెండు రకాల ఇంజెక్టర్లూ పెట్టాయి. దాంతో వాల్వుకు పెట్రోలు స్నానం మళ్లీ దక్కింది.

మూడోది డీజిల్. ఇందులో మసి తప్పనిసరి, ఎందుకంటే డీజిలు గాలిలో సమంగా కలిసేలోపే మండుతుంది. దానికి తోడు ఈజీఆర్ ఉంటుంది. విషవాయువులైన నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గాలంటే సిలిండరులో వేడి మరీ పెరగకూడదు. అందుకని కొంత పొగను మళ్లీ ఇంజనుకే తాగిస్తారు. అంటే మసి ఒకవైపు నుంచి, ఆయిల్ ఆవిరి ఇంకోవైపు నుంచి వచ్చి ఇంటేక్ మ్యానిఫోల్డులో కలుస్తాయి.

ఆ కలయిక ఎలా ఉంటుందో చూడాలంటే విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ కార్లు చేసే ఏ షెడ్డుకైనా వెళ్లి, ఊడదీసిన మ్యానిఫోల్డు ఉంటే అడిగి చూడండి. ఈజీఆర్ గొట్టం లోపల వేలు పెడితే దీపం మసిలాంటి పొడి వేలికి అంటుతుంది, ఊదితే లేస్తుంది. అదే గొట్టం మ్యానిఫోల్డులో కలిసే చోట వేలు పెడితే తడి తారు. స్క్రూడ్రైవరుతో గీరితే ముద్దలు ముద్దలుగా ఊడుతుంది. రెండు వేళ్లు పట్టాల్సిన రంధ్రంలో ఒక్క వేలు దూరడమే కష్టమైన మ్యానిఫోల్డులు అక్కడ వింత కాదు. అంత సందులోంచే ఆ ఇంజను ఇన్నాళ్లూ ఊపిరి తీసుకుందన్నమాట. "పికప్ లేదు, నల్లపొగ వస్తోంది" అని ఆ బండి ఎందుకొచ్చిందో మెకానిక్ నోరు విప్పకుండానే అర్థమవుతుంది.

మన చేతిలో ఉన్నవి

ఇంజను రకాన్ని మార్చలేం. నడిపే తీరు మార్చుకోవచ్చు. మొదటిది గేరు. మైలేజీ వస్తుందని 35 కిలోమీటర్ల వేగానికే ఐదో గేరులో పడేసి, బండి వణుకుతున్నా గేరు దించకుండా లాగించేవాళ్లు చాలామంది. మైలేజీ మీద ఉన్న ఆ శ్రద్ధను గౌరవిస్తాను, కానీ అది తప్పుచోట పెట్టిన శ్రద్ధ. డీజిలును అలా లాగిస్తే టర్బో చాలినంత గాలి ఇవ్వదు, తొక్కినకొద్దీ పడే డీజిలు మాత్రం పెరుగుతుంది, ఫలితం మసి. చిన్న టర్బో పెట్రోలు ఇంజన్లకు ఇది ఇంకా చేటు. తక్కువ ఆర్‌పీఎం దగ్గర గట్టిగా తొక్కితే మిశ్రమం ప్లగ్గు నిప్పు రాకముందే అంటుకునే ప్రమాదం ఉంది, ఒక్కోసారి పిస్టనే పగులుతుంది. లోపల పట్టిన కార్బన్ పెచ్చులు, ఆయిల్ చుక్కలు ఆ ముప్పును పెంచుతాయి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు బండి బరువుగా మూలిగితే ఒక గేరు దించండి.

రెండోది ఐడిలింగ్. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల ముందు మధ్యాహ్నం ఏసీ వేసుకుని నిలబడ్డ క్యాబులను చూడండి. డ్రైవర్ల ఇబ్బంది అర్థమవుతుంది, ఆ ఎండలో ఇంకేం చేస్తారు. కానీ అలా నిలబడినంతసేపూ సిలిండరులో వేడి తక్కువ, పొగ విసురు తక్కువ, కిలోమీటర్ల మీటరు కదలదు. ఆయిల్ మార్చే లెక్క కిలోమీటర్లలో చూసుకుంటే ఆ గంటలన్నీ లెక్కలోకి రావు. అలాంటి బండికి నెలల లెక్కన ఆయిల్ మార్చాలి.

మూడోది, వారానికో పది రోజులకో ఒకసారి బండిని పూర్తిగా వేడెక్కనివ్వడం. ఔటర్ రింగు రోడ్డు మీదో, ఏలూరు వైపు హైవే మీదో అరగంట, ముప్పావుగంట, చట్టం ఒప్పిన వేగంలోనే, అవసరమైతే ఒక గేరు తక్కువలో. సిలిండరు లోపలి మెత్తని పొర, ప్లగ్గు మీది మసి, డీజిలు టర్బో రెక్కల మీద పేరుకున్నది దీనితో కొంతవరకు తగ్గుతాయి. డైరెక్ట్ ఇంజెక్షన్ వాల్వు వెనక గట్టిపడిన పెచ్చు మాత్రం ఎంత దూరం తిప్పినా ఊడదు.

నాలుగోది ఆయిల్. అన్నిటికన్నా తేలిక, అన్నిటికన్నా నిర్లక్ష్యం చేసేదీ ఇదే. డబ్బా మీద గ్రేడు నంబరు ఒక్కటే చూడకండి. మాన్యువల్‌లో చెప్పిన ప్రమాణం కూడా కలవాలి. టర్బో పెట్రోలుకు ఏపీఐ ఎస్‌పీ లాంటివి, డీపీఎఫ్ (మసి ఫిల్టరు) ఉన్న డీజిలుకు బూడిద తక్కువగా మిగిల్చే ఏసీఈఏ సీ తరగతివి సాధారణంగా ఉంటాయి. ఇంకో సంగతి దగ్గరుండి చూడండి. ఇంజనుకు మూడున్నర లీటర్లే పట్టినా, డబ్బా నాలుగు లీటర్లది కదా అని మిగిలింది కూడా పోసేసే అలవాటు కొన్ని షెడ్లలో ఉంది. మంచి చేస్తున్నామనే అనుకుంటారు. డిప్‌స్టిక్ మీద పై గీత దాటిన ఆయిల్ క్రాంకుకు తగిలి చిలికినట్టవుతుంది, తుంపర పెరుగుతుంది, అదంతా గాలి దారిలోకే వెళ్తుంది. పై గీత దాటితే తీయించేయండి.

2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్6 డీజిల్ కార్లున్నవాళ్లు డిప్‌స్టిక్‌ను మరో కారణంగా కూడా చూడాలి. వీటిలో మసిని పట్టి ఉంచే డీపీఎఫ్ ఉంటుంది. నిండినప్పుడు బండి తనంతట తానే అదనంగా డీజిలు చిమ్మించి, పొగను 600 డిగ్రీల దాకా వేడెక్కించి ఆ మసిని కాల్చేస్తుంది. మధ్యలోనే మీరు ఇంజను ఆపేస్తే పని సగంలో ఆగిపోతుంది, అదనంగా చిమ్మిన డీజిలులో కొంత ఆయిల్లోకి దిగుతుంది. పదేపదే అలాగే జరిగితే డిప్‌స్టిక్ మీద ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. అలా కనబడితే పలచబడిన ఆయిల్‌తో నడపకుండా వెంటనే మార్పించండి. డీపీఎఫ్ లైటు వెలిగితే మాన్యువల్ చెప్పిన వేగంలో అది ఆరేదాకా నడపండి. రోజుకు నాలుగైదు కిలోమీటర్లే తిరిగేవాళ్లకు బీఎస్6 డీజిల్ కారు కొనవద్దనే నా సలహా, లీటరుకు ఎన్ని రూపాయలు కలిసొచ్చినా సరే.

ఇంధనం గురించి క్లుప్తంగా. రద్దీ ఉన్న, నమ్మకమైన బంకులో పోయించండి, చాలు. పెట్రోలులో కలిపే పాలీఈథర్ అమైన్ ఉన్న మందులు ఇంజెక్టర్లకు, సిలిండరు లోపలికి కొంత పనిచేస్తాయి. డైరెక్ట్ ఇంజెక్షన్ వాల్వులకు చేయవు. ట్యాంకులో పోసింది అక్కడికి పోతే కదా.

తెలుసుకోవడం, తీయించడం

పొద్దున స్టార్ట్ చేయగానే కాసేపు మిస్సింగ్, ఐడిలింగ్‌లో ఆర్‌పీఎం ముల్లు పైకీ కిందికీ ఊగడం, పికప్ తగ్గడం, మైలేజీ పడిపోవడం, డీజిలుకు నల్లపొగ. ఇవి లక్షణాలు. కానీ కాయిల్ పోయినా, ఇంజెక్టరు చెడినా, గాలి గొట్టం చిరిగినా ఇవే కనబడతాయి. కాబట్టి లక్షణం వినగానే తీర్పు చెప్పేవారిని తొందరపడి నమ్మకండి. చెక్ ఇంజన్ లైటు ఆగి ఆగి మెరుస్తుంటే మాత్రం బండి పక్కకు తీసి ఆపండి. మిస్సింగ్ వల్ల కాలని పెట్రోలు వెళ్లి క్యాటలిటిక్ కన్వర్టరును మాడ్చేస్తుంది.

పెట్రోలు బండిలో అన్నిటికన్నా చవకైన సాక్షి స్పార్క్ ప్లగ్గు. విప్పించి కొస దగ్గరి తెల్లని పింగాణీ చూడండి. లేత గోధుమ రంగో బూడిద రంగో ఉంటే సిలిండరులో మండడం సవ్యంగానే ఉంది. పొడిగా, నల్లగా, వేలికి అంటే మసి ఉంటే చల్లని ఇంజనుతో చిన్న దూరాలు తిరుగుతున్నారన్నమాట, లేదా పెట్రోలు ఎక్కువ పడుతోంది. నల్లగానే ఉండి తడిగా, జిడ్డుగా మెరుస్తుంటే ఆయిల్ పైకి వస్తోంది, రింగులో వాల్వు సీళ్లో చూపించాలి. అలాంటి బండికి ఎన్నిసార్లు డీకార్బన్ చేసినా మళ్లీ పడుతుంది, ఎందుకంటే మూలం అలాగే ఉంది.

వాల్వుల దాకా చూడాలంటే సన్నని బోరోస్కోప్ కెమెరా ఉంది. చాలా వర్క్‌షాపుల్లో దొరుకుతుంది. పని చేయకముందు ఒక ఫొటో, చేశాక ఒక ఫొటో అడగండి. ఇవ్వలేమంటే ఆ పని చేయించకండి.

ఇక తీసే పద్ధతులు. థ్రాటిల్ బాడీని విప్పి క్లీనర్ స్ప్రేతో తుడవడం చవకైన, ఉపయోగమైన పని. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ అయితే తర్వాత స్కానరుతో ఐడిలింగ్ మళ్లీ సెట్ చేయాల్సి రావచ్చు. డీజిలుకు ఈజీఆర్, మ్యానిఫోల్డు విప్పి, నానబెట్టి, గీరి కడగాలి. విప్పకుండా నడుస్తున్న డీజిలు ఇంజనులోకి స్ప్రే కొట్టే పద్ధతికి ఒప్పుకోకండి. ఊడిన పెచ్చులు నేరుగా సిలిండరులోకే పోతాయి, ఆ స్ప్రే తనే ఇంధనంలా మండి ఇంజను వేగం అదుపు తప్పవచ్చు. డైరెక్ట్ ఇంజెక్షన్ వాల్వులకు మ్యానిఫోల్డు తీసి, వాల్వు మూసి ఉన్న స్థితిలో వాల్‌నట్ చిప్పల పొడిని గాలి ఒత్తిడితో కొట్టి శుభ్రం చేస్తారు. చిప్ప మెత్తనిది, లోహానికి గీత పడదు. ఇన్ని వేల కిలోమీటర్లకని గుడ్డి లెక్క లేదు, కెమెరాలో కనబడినప్పుడు చేయించాలి.

హైడ్రోజన్ యంత్రం పెట్టి అరగంటలో ఇంజను మొత్తం శుభ్రం అంటారు. ఆ వాయువు మండేది సిలిండరులో. ఇంటేక్ వాల్వు వెనక మాడి అతుక్కున్న పెచ్చును అది కరిగించలేదు. నా డబ్బు మాత్రం నేను దాని మీద పెట్టను. ప్రతి సర్వీసుకూ డీకార్బన్ ఉండాలనే నమ్మకానికి పాత చేతక్, లాంబ్రెట్టా రోజులు కూడా కొంత కారణమనుకుంటాను. టూ స్ట్రోక్ బండ్లలో పెట్రోలుతోపాటే ఆయిల్ కాలేది కాబట్టి హెడ్డు విప్పి గీరడం, సైలెన్సరు కాల్చి దులపడం నిజంగానే మామూలు సర్వీసులో భాగం. నేటి ఎంపీఎఫ్ఐ కారుకు ఆ అవసరం లేదు.

"ఈజీఆర్ మూసేస్తే పీడ పోతుంది, డీపీఎఫ్ కోసేస్తే పికప్ వస్తుంది" అని చెప్పేవాళ్లూ ఉంటారు. వద్దు. చట్టం ఒప్పదు, కంపెనీ వారంటీ పోతుంది, అంతకుమించి ఆ విషవాయువు పీల్చేది మీ బండి వెనక స్కూటరు మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుని వస్తున్నవాళ్లు.

ఈసారి ఫోను వచ్చినప్పుడు మాటలు ఇలా ఉండొచ్చు. "ఎక్కడ పట్టింది బాబూ? థ్రాటిల్ బాడీకా, ఈజీఆర్‌కా, వాల్వులకా?" "లోపల సార్, ఇంజను లోపల." "ప్లగ్గులు విప్పి పక్కన పెట్టండి, అరగంటలో నేనే వస్తా. కెమెరా కూడా సిద్ధంగా ఉంచండి, ఇద్దరం కలిసి చూద్దాం. అప్పటిదాకా ఆయిల్, ఫిల్టరు పని కానివ్వండి. ఆయిల్ పై గీత దాటకుండా పోయండి."